దేశాంతరం నుంచి తెచ్చే తినుబండారం: ద్రవ్యశుద్ధి, దాతృభావం

కార్తీకమాసంలో నక్తవ్రతం ఆచరించే ఒక వృద్ధమాత ఉన్నారు. పగలంతా ఉపవసించి, నక్షత్రదర్శనానంతరం స్వగృహంలో వండిన హవిష్యాన్నాన్ని మాత్రమే స్వీకరించడం ఆమెకు దశాబ్దాల నియమం. ఐరోపా యాత్ర ముగించుకొని వచ్చిన మనుమడు ఒక సాయంకాలం, నక్షత్రోదయం అయిన వెంటనే, ఆమె చేతిలో పండ్ల రంగులతో మెరిసే మెత్తని మిఠాయి ఒకటి పెట్టాడు. "నీ కోసమే ఏరి తెచ్చాను నాయనమ్మా, గుడ్డు లేదు, ఏమీ లేదు, ఉత్త పండ్లరసమే" అన్నాడు. ఆమె దానిని ముందుగా దేవుని ఎదుట ఉంచి, నమస్కరించి, పిల్లవాని ముఖం చూస్తూ సగం కొరికారు. అంతలో కోడలు డబ్బాను వెనుకకు తిప్పి చిన్న అక్షరాలు చదివింది. అందులో జెలటిన్ అనే పదం కనిపించింది. అది పశువుల చర్మాన్ని, ఎముకలను ఉడికించి తీసే ద్రవ్యమని మనుమనికి తెలుసు. కాని డబ్బాపై ఆ పదం ఉన్నదో లేదో అతడు చూడలేదు. మిగిలిన సగం ముక్క ఆమె అరచేతిలోనే ఉండిపోయింది. ఎవరూ ఎవరినీ నిందించలేదు. ఆ రాత్రి ఆమె భోజనం చేయలేదు, మనుమడూ చేయలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. విదేశయానం సర్వసాధారణమైన ఈ కాలంలో, తిరిగివచ్చినవారి పెట్టె తెరిచే వేళ దాదాపు ప్రతి ఆచారపరుల ఇంట ఇటువంటి సందిగ్ధం ఒకసారైనా కలుగుతూనే ఉన్నది. కొందరు పెద్దలు "పరదేశపు వస్తువు ఏదైనా మాకు వద్దు" అని ఒక్కమాటతో ద్వారం మూసివేస్తారు. పిల్లలు నొచ్చుకుంటారు. మరికొందరు "ప్రేమతో తెచ్చినదానికి దోషమేమిటి" అని ఏది పెడితే అది తింటారు, తినిపిస్తారు, దేవుని ఎదుట కూడా పెడతారు. ఈ రెండు మార్గాలూ విచారణను తప్పించుకొనే మార్గాలే. ఆహారవిషయంలో శాస్త్రం అంధనిషేధాన్నీ చెప్పలేదు, అంధానుమతినీ చెప్పలేదు.

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయంలో, భూమవిద్య ముగింపులో, సనత్కుమారుడు నారదునికి ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి, దాని వలన స్థిరమైన స్మృతి, దాని వలన గ్రంథివిమోచనం అని ఒక సోపానక్రమం ఉపదేశించాడు. ఇక్కడ ఆహారశబ్దానికి శంకరభగవత్పాదులు ఇంద్రియాల ద్వారా లోపలికి గ్రహింపబడే శబ్దాది విషయాల అనుభవమని విస్తృతార్థం చెప్పారు. రామానుజ సంప్రదాయం భుజింపబడే అన్నాన్నే ప్రధానంగా గ్రహించి, దానికి జాతిదోషం, ఆశ్రయదోషం, నిమిత్తదోషం అని మూడు దోషాలను వివేచించింది. లశునాదుల వలె వస్తువు స్వభావం చేతనే నిషిద్ధమైతే అది జాతిదోషం. వస్తువు మంచిదైనా అది ఎవరి నుంచి వచ్చినదో ఆ ఆశ్రయం చేత కలిగేది ఆశ్రయదోషం. కేశకీటాదుల స్పర్శ చేత, ఉచ్ఛిష్టసంపర్కం చేత కలిగేది నిమిత్తదోషం. ఈ మూడింటిలో ఎక్కడా దేశదోషమనే నాలుగవది లేదు. ఈ విషయం గమనించవలసినది. సముద్రయానాన్ని బౌధాయన ధర్మసూత్రం పతనీయకర్మలలో లెక్కించిన మాట వాస్తవమే. అది యాత్రికుని గూర్చిన చర్చ, అతడు తెచ్చిన లవంగాన్ని గూర్చినది కాదు.

లవంగం మాట ఊరకే రాలేదు. రఘువంశ షష్ఠసర్గలో ఇందుమతీ స్వయంవర సందర్భాన కళింగాధిపతి హేమాంగదుని వర్ణిస్తూ, ద్వీపాంతరాల నుంచి లవంగపుష్పాలను మోసుకొనివచ్చే సముద్రవాయువులను కాళిదాసు ప్రస్తావించాడు. లవంగానికి జన్మస్థానం నేటి ఇండొనేషియాలోని మలుకు ద్వీపాలు. అవి దాటివచ్చిన లవంగం ఈనాటికీ దేవతాతాంబూలంలో ఉన్నది. పచ్చకర్పూరం సుమత్రా, బోర్నియో అరణ్యవృక్షాల నుంచి వచ్చినది. ఇంగువ ఇరాన్, ఆఫ్ఘనిస్థాన్, మధ్య ఆసియా దేశాల నుంచి వస్తున్నది. భారతభూమిలో దాని సాగుకు హిమాచల ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో తొలి మొక్క నాటినది 2020 అక్టోబరులోనే. అంటే ఏ ఆలయపు పులిహోరలో ఇంగువ పడినా, అది తరతరాలుగా దేశాంతరద్రవ్యమే. జీడిపప్పు పోర్చుగీసుల ద్వారా బ్రెజిల్ నుంచి వచ్చి లడ్డూలో కూర్చున్నది. ఇంత చరిత్ర ఉండగా "పరదేశపుది కనుక అపవిత్రం" అనే వాదం నిలువదు. నిలిచే ప్రశ్న ఒక్కటే: ఆ ద్రవ్యం ఏమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం పూర్వం సులభం, నేడు కష్టం. లవంగం లవంగంగానే కనిపించేది. నేటి డబ్బాలోని మిఠాయి తన స్వరూపాన్ని చెప్పదు. భారతదేశంలో 2001 నుంచి ఆహారపు పొట్లాలపై శాకాహారానికి ఆకుపచ్చని చతురస్రంలో ఆకుపచ్చని బిందువు ముద్రించడం విధిగా ఉన్నది. ఇక్కడి నిర్వచనంలో గుడ్డు మాంసాహారంలోనే చేరుతుంది, పాలు చేరవు. ఈ బిందువును చూడడానికి అలవాటుపడిన కన్ను, విదేశపు అంగడిలో అది కనిపించనప్పుడు ఏమి చూడాలో తెలియక పొట్లంపైనున్న పండ్ల బొమ్మను చూచి సంతృప్తి పడుతుంది. అక్కడ వెజిటేరియన్ అని స్పష్టంగా వ్రాసి ఉన్నా అందులో గుడ్డు ఉండవచ్చు. పాశ్చాత్యుల వాడుకలో ఆ పదం గుడ్డును మినహాయించదు. వీగన్ అని ఉంటే గుడ్డు, పాలు, తేనె ఏవీ ఉండవు గాని, ఉల్లి, వెల్లుల్లి, మద్యం ఉండడానికి అడ్డేమీ లేదు. గల్ఫ్ దేశాలలో హలాల్ ముద్ర చూచి "పంది సంబంధం లేదు, ఇక భయం లేదు" అనుకొనే తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ ముద్ర వారి ధర్మానికి సంబంధించినది. దానిని వారు శ్రద్ధతో పాటిస్తున్నారు. కాని అదే ముద్ర కలిగిన మెత్తని మిఠాయిలో గోసంబంధమైన జెలటిన్ ఉండవచ్చునని హిందువు తెలుసుకోవలసి ఉన్నది. ఇతరుల నియమానికి సరిపడిన ముద్ర తన నియమానికి ప్రమాణం కాదు.

కొన్ని పేర్లు కంఠస్థం చేయదగినవి. జెలటిన్‌కు ఐరోపా సంకేతపద్ధతిలో ఒకప్పుడు వాడిన సంఖ్య 441. ఎరుపు రంగు కోసం కలిపే 120 సంఖ్య గల కార్మైన్, కోచినీల్ అనే కీటకాలను ఎండబెట్టి నలిపి తీసేది. మిఠాయిలపై మెరుపు కోసం పూసే 904 సంఖ్య గల షెల్లాక్ మరేదో కాదు, లక్క. 471 సంఖ్య గల కొవ్వు పదార్థం వృక్షసంబంధమూ కావచ్చు, జంతుసంబంధమూ కావచ్చు; సంఖ్య ఒక్కటే దానిని తేల్చదు. జున్నుల విషయం మరింత సూక్ష్మం. ఇటలీలోని పార్మిజానో, స్విట్జర్లాండ్‌లోని గ్రుయేర్ వంటి సాంప్రదాయిక జున్నులలో పాలను విరగగొట్టడానికి ఉపయోగించే రెన్నెట్, పాలు మానని లేగదూడ ఉదరం నుంచి తీసేది. పాల పదార్థమే కదా అని తెచ్చి గోపూజ చేసే ఇంట పెట్టేవారు ఒక్కసారి ఈ విషయం ఆలోచించాలి. థాయిలాండ్ కారపు ముద్దలలో ఎండురొయ్యల ముద్ద, శ్రీలంక ఉల్లి సంబోల్‌లో ఎండుచేప పొడి, జపాన్ ఉప్పు తినుబండారాలలో చేపల సారం, సింగపూర్ కాయా అనే కొబ్బరి లేహ్యంలో గుడ్డు, ఇవన్నీ ఆయా దేశాలవారికి సహజాహారం. వారు దాచలేదు, వంచించలేదు. డబ్బాపై వ్రాసే ఉన్నది. చదవకపోవడం కొన్నవాని దోషం.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా వినిపిస్తుంది. ప్రయాణంలో ఉన్నవానికి ఇన్ని నియమాలా, ఆపద్ధర్మం లేదా అని. ఉన్నది. ఆ ఆపద్ధర్మానికి మూలమైన ఆఖ్యాయికను చదివితే, విదేశాల నుంచి తెచ్చే తినుబండారాల విషయంలో దాని ప్రామాణ్యం ఎంతవరకో స్వయంగా స్పష్టమవుతుంది.

ఛాందోగ్య ప్రథమాధ్యాయంలో ఉషస్తి చాక్రాయణుని వృత్తాంతం ఉన్నది. కురుదేశంలో పంటలు నాశనమై దుర్భిక్షం వచ్చింది. భార్యతో కలిసి ఒక గ్రామంలో తలదాచుకొన్న ఉషస్తి, ఏనుగులను నడిపేవాడొకడు హీనమైన కుల్మాషాలు తింటుండగా చూచి వాటిని యాచించాడు. "నా ముందున్నవి తప్ప వేరే లేవు" అన్నాడతడు. "అవే ఇయ్యి" అని ఉషస్తి ఆ ఎంగిలి కుల్మాషాలు తీసుకొని తిన్నాడు. తరువాత అతడు నీరు ఇవ్వబోతే, ఉచ్ఛిష్టజలం త్రాగనన్నాడు. "మరి ఆ కుల్మాషాలు ఉచ్ఛిష్టం కావా?" అని అతడు అడిగితే ఉషస్తి చెప్పిన సమాధానమే ధర్మానికి మేర గీసినది: అవి తినకపోతే ప్రాణం నిలువదు, నీరు కోరుకొన్నచోట దొరుకుతుంది. బ్రహ్మసూత్రాల తృతీయాధ్యాయంలో సర్వాన్నానుమత్యధికరణం ఈ వృత్తాంతాన్నే ఆధారంగా చేసుకొని, నిషిద్ధాన్నానికి అనుమతి ప్రాణాపాయ సందర్భంలో మాత్రమేనని నిర్ణయించింది.

అంతటితో కథ ఆగలేదు. తినగా మిగిలిన కుల్మాషాలను ఉషస్తి ఇంటికి తెచ్చి భార్యకు ఇచ్చాడు. యాత్రనుంచి ఇంటికి తినుబండారం తెచ్చిన వృత్తాంతాలలో ఇంతకంటె ప్రాచీనమైనది వెతికినా అరుదు! ఆమెకు అప్పటికే మంచి భిక్ష లభించింది. భర్త తెచ్చినదానిని కాదనలేదు, నిందించలేదు, తినలేదు కూడా, తీసుకొని భద్రపరచింది. మరునాటి ఉదయం భర్త ఆకలితో, కొంచెం అన్నం దొరికితే రాజు చేసే యజ్ఞానికి వెళ్లగలనని అన్నప్పుడు ఆ పాచిపోయిన కుల్మాషాలనే అందించింది. అవి తిని వెళ్లిన ఉషస్తి ఆ యజ్ఞంలో ఋత్విక్కులకు ప్రస్తావ, ఉద్గీథ, ప్రతిహార దేవతల రహస్యం బోధించాడు.

ఇప్పుడు విమానాశ్రయంలో పన్ను లేని అంగడి ముందు నిలబడిన యాత్రికుని చూడాలి. అతనికి ప్రాణాపాయం లేదు. అతని చేతిలో సమయం ఉన్నది, ధనం ఉన్నది, ఎదుట యాభై రకాల డబ్బాలు ఉన్నాయి, జేబులో ప్రపంచంలోని ఏ పదానికైనా అర్థం చెప్పే పరికరం ఉన్నది. ఉషస్తి తిరస్కరించిన నీటి వంటిదే అతడు కొనే మిఠాయి. కోరుకొన్నచోట దొరికేది, లేకపోయినా గడిచిపోయేది. ప్రయాణమధ్యంలో ఆకలికి ఏదో తిన్నాడంటే దానిని ఆపద్ధర్మం కొంత కాపాడుతుంది. ఇంటికి తెచ్చే వస్తువును మాత్రం ఏ ఆపద్ధర్మమూ కాపాడదు. అది సంపూర్ణమైన స్వేచ్ఛతో చేసిన ఎంపిక. కనుక ప్రయాణికుడు తాను అక్కడ తిన్నదానికంటె ఇంటికి తెచ్చేదాని విషయంలోనే అధికమైన జాగరూకత వహించాలి. లోకంలో జరుగుతున్నది దీనికి విపరీతం. వారం రోజులు పండ్లూ పెరుగూ తిని నియమం కాపాడుకొన్నవాడు, చివరి గంటలో నలుగురికీ పంచాలనే తొందరలో, చదవకుండానే పది డబ్బాలు సంచిలో వేసుకొంటాడు.

మరి ఏమి తేవాలి? ధర్మసూత్రకారులే దారి చూపారు. తెలుగునాట అధికసంఖ్యాకులు అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం, నిలవ ఉన్న వంటకాన్ని నిషేధిస్తూనే, చెరకుపాకం, అటుకులు, పేలపిండి, పాలతో చేసినవి, ఓషధులు, దుంపలు, ఫలాలు మొదలైనవాటిని ఆ నిషేధం నుంచి మినహాయించింది. నేతితోనో నూనెతోనో కూడిన భక్ష్యాలు నిలవ ఉన్నా తినదగినవేనని మనువు చెప్పాడు. అంటే దూరప్రయాణానికి తట్టుకొనేవేవో, తట్టుకోనివేవో ఆనాడే వివేచించారు. కుచేలుడు ద్వారకకు మూటకట్టుకొని వెళ్లినవి అటుకులే కావడం కేవలం దారిద్ర్యం చేత కాదు. దారిలో పాడుకాని, పాచి దోషం అంటని వస్తువు అది. ఈ సూత్రాన్ని నేటికి అన్వయిస్తే ఎంపిక సులభమవుతుంది. మూలద్రవ్యానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. పండు, గింజ, బెరడు, ఆకు, పుష్పకేసరం, పాకం, ఇవి తమ స్వరూపాన్ని దాచవు.

గల్ఫ్ దేశాల నుంచి ఖర్జూరం తేవడం ఆ విధంగా సర్వోత్తమం. అది ఫలం, శుష్కం, మాసాల తరబడి నిలిచేది, నివేదనార్హం. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి, కడప, కోనసీమల నుంచి అక్కడకు వెళ్లి శ్రమించే వేలాదిమంది ఏళ్ల తరువాత ఇంటికి వచ్చేటప్పుడు తెచ్చే ఖర్జూరపు పెట్టెలో వారి చెమట కూడా ఉన్నది. దానిని ఈమధ్య ప్రచారం పొందిన ఖరీదైన పిస్తా చాక్లెట్టు కంటె తక్కువగా చూచే బంధువులు తమ దృష్టినే శుద్ధి చేసుకోవాలి. ఇరాన్ కుంకుమపువ్వు, ప్రపంచంలో అత్యధికంగా పండేది అక్కడే, గ్రాముల బరువుతో ఒక సంవత్సరపు అభిషేకక్షీరానికి సరిపోతుంది. శ్రీలంక దాల్చినచెక్క పలుచని పొరలుగా చుట్టుకొని ఉండే అసలైన జాతి. అక్కడి కితుల్ బెల్లం జీలుగు జాతి చెట్టు పూగెలల నీరు కాచి చేసేది. జపాన్‌కు వెళ్లినవారు యోకాన్ అనే మిఠాయిని పరిశీలించవచ్చు. ఎర్రని అజుకి చిక్కుళ్ల ముద్ద, చక్కెర, సముద్రపు నాచు నుంచి తీసే అగర్ కలిపి చేస్తారు, జెలటిన్ చేసే పనిని అక్కడ నాచు చేస్తుంది. అయినా డబ్బా చదవడం మానరాదు. తుర్కీ లోకుం సాంప్రదాయికంగా పిండి, చక్కెరలతో గట్టిపడేదే. పేరు ఒకటే పెట్టుకొని జెలటిన్‌తో చేసేవీ ఉంటాయి. ముక్తినాథ యాత్ర చేసే సాలగ్రామభక్తులు ముస్తాంగ్ జిల్లాలోని మార్ఫా గ్రామపు ఎండు ఆపిల్ ముక్కలు తెచ్చుకోవచ్చు. గండకీ తీరపు ఫలం అంటే ఇంట్లో పెద్దలు కన్నులకద్దుకొంటారు.

అమెరికా నుంచి బాదంపప్పు మోసుకొనిరావడం మాత్రం వృథాశ్రమ. కాలిఫోర్నియా బాదంను అత్యధికంగా కొనే దేశాలలో భారతదేశం ముందున్నది. వీధి చివర కిరాణా అంగడిలో దొరికేది అదే.

కెనడా మేపుల్ పాకం గూర్చి కొంత విచారించాలి. వసంతారంభంలో మేపుల్ వృక్షానికి చిన్న రంధ్రం చేసి స్రవించే నీటిని సేకరించి, సుమారు 40 లీటర్ల నీరు ఒక లీటరు అయ్యేవరకు కాచుతారు. అనకాపల్లి బెల్లపు పెనం చూచినవారికి ఆ దృశ్యం పరిచితమే. పూర్తిగా వృక్షసంబంధమే కదా, దోషమేమిటి అనిపిస్తుంది. కాని తైత్తిరీయసంహిత ద్వితీయకాండలో, విశ్వరూపవధ వలన ఇంద్రునికి కలిగిన బ్రహ్మహత్యలో ఒక భాగాన్ని వృక్షాలు స్వీకరించాయని, అది వాటి నిర్యాసమైనదని, ఎర్రనిది గాని, నరికినచోట స్రవించేది గాని తినరాదని, ఇతరమైనది యథేచ్ఛగా తినవచ్చునని ఉన్నది. మనువూ దీనినే అనుసరించాడు. వేరుకు గాటు పెట్టి తీసే ఇంగువకు ఈ నిషేధం వర్తించదా అంటే, దానిని అనాదిగా శిష్టాచారం అంగీకరించింది, వైద్యశాస్త్రం ఔషధమన్నది. కితుల్ నీరూ కోసిన పూగెల నుంచే వస్తుంది. కాని తాటిబెల్లం వలె ఆ జాతి బెల్లానికి ఈ నేలలో వాడుక ఉన్నది. మేపుల్‌కు ఆ ఆచారబలం ఇంకా లేదు. పైగా అది కట్టెవంటి గట్టి నిర్యాసం కాదు, నీటి వంటి రసం అనే సమాధానం కూడా ఉన్నది. పండితులు దీనిని తేల్చే వరకు నైష్ఠికులు దానిని నివేదనలో పెట్టకుండా ఉండడం మేలు. ఇంట్లో పిల్లలు దోసెపై పోసుకొని తింటే ఆందోళన అనవసరం. అన్ని ప్రశ్నలకూ ఒకే బిగువు అక్కరలేదు.

నివేదన మాట వచ్చింది. విదేశాల నుంచి వచ్చిన భక్తులు చాక్లెట్టు డబ్బాను గర్భాలయ ద్వారం వద్దకు తెచ్చి "స్వామికి చూపించండి" అని అర్చకుని కోరడం ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నది. కేరళలో ఆలప్పుళ సమీపాన బాలమురుగనికి చాక్లెట్లు సమర్పించే ఆలయం ఒకటి ప్రసిద్ధమే. ఆ ఆచారం ఆ క్షేత్రానికి పరిమితం. ఆగమోక్తంగా పూజ జరిగే ఆలయంలో వండిన నైవేద్యం ఆలయపాకశాల నుంచే రావాలి. బయట వండినది, లోపల ఏమున్నదో తెలియనిది అర్చకుడు స్వీకరించడు. అది భక్తుని తిరస్కరించడం కాదు. అదే భక్తుడు గుప్పెడు ఖర్జూరాలో, కొంచెం కుంకుమపువ్వో తెస్తే ఆ చేతులే ఆనందంగా అందుకొంటాయి. పత్రమైనా, పుష్పమైనా, ఫలమైనా, జలమైనా చాలునన్న గీతాచార్యుడు ఆ నాలుగింటిలో వంటకాన్ని చెప్పకపోవడం గమనార్హం.

రాజశాసనం కూడా ధర్మంలో భాగమే. తాజాపండ్లు, విత్తనాలు, మొక్కలు కేవలం ఇష్టం చేత దేశంలోకి తేవడానికి వీలులేదు. 2003 నాటి మొక్కల దిగుమతి ఉత్తర్వు వాటికి అనుమతిపత్రాలు, ఆరోగ్యధ్రువీకరణలు కోరుతున్నది. తెగులు ఒక పండులో దాగి వచ్చి ఒక ప్రాంతపు తోటలను తినివేయగలదు. పాకాలు, తేనె వంటివి అనేక విమానాశ్రయాలలో చేతిసంచిలో నూరు మిల్లీలీటర్లకు మించి అనుమతింపబడవు, పెద్దపెట్టెలో పెట్టుకోవాలి.

ద్రవ్యం శుద్ధమైన తరువాత మిగిలేది దాతృభావం. తైత్తిరీయ శిక్షావల్లి దానవిధిని చెబుతూ శ్రద్ధతో, లజ్జతో, భయంతో, వివేకంతో ఇవ్వాలన్నది. లజ్జతో ఇవ్వడమంటే, ఇచ్చేది అల్పమన్న వినయం. విదేశపు డబ్బా విషయంలో ఈ లజ్జ మొట్టమొదట నశిస్తుంది. ఏ నగరంలో కొన్నదో, ఎంత ఖరీదో, ఇక్కడ దొరకనే దొరకదనో చెప్పకుండా ఇవ్వడం చాలామందికి కష్టం. పుచ్చుకొన్నవాడు ఆ మిఠాయితోపాటు తన పేదరికాన్ని కూడా నమలవలసి వస్తుంది. ఇంటి పనిమనిషికి చివరగా, విరిగిన ముక్కలు మిగిలితే ఇవ్వడం మరొక అనాచారం. తెచ్చినది కొంచెమైతే చిన్నవిగా కోసి అందరికీ సమంగా ఇవ్వాలి. ఒంటరిగా తినేవాడు పాపాన్నే తింటాడని ఋగ్వేదం దశమమండలంలో హెచ్చరించినది అన్నాన్ని గూర్చియే గాని, అది అపురూపమైన మిఠాయికి మరింతగా వర్తిస్తుంది.

పుచ్చుకొనే పెద్దలకూ ధర్మం ఉన్నది. నియమం తమది, దానిని ముందుగానే చెప్పడం వారి బాధ్యత. పిల్లలు ప్రయాణం కట్టే రోజున "నాకోసం ఏదైనా తెస్తే కొన్ని ఖర్జూరాలు తీసుకురా నాయనా, డబ్బా మిఠాయిలు నాకు కుదరవు" అని ఒక్కమాట అంటే సరిపోతుంది. "నాకేమీ వద్దు" అనే మర్యాదపూర్వకమైన అసత్యమే సగం చిక్కులకు కారణం. ఏమీ వద్దన్న తల్లికి ఏదో ఒకటి తేకుండా వచ్చే కొడుకు ఉండడు. ఏమి తేవాలో తెలియక అంగడివాడు చూపినది తెస్తాడు.

తెలియక తిన్నది ఉంటే? మనువు పంచమాధ్యాయంలో, తెలియక భుజించిన దోషశుద్ధి కోసం ద్విజుడు సంవత్సరానికి ఒక్క కృచ్ఛ్రమైనా ఆచరించాలని విధించాడు. ఎంత జాగ్రత్తపడినా తెలియక తినడం జరుగుతూనే ఉంటుందని శాస్త్రమే అంగీకరించిన మాట ఇది. కృచ్ఛ్రానికి శక్తి చాలనివారికి ప్రత్యామ్నాయంగా జపం, గోదానాదులు నిబంధనగ్రంథాలు చెప్పాయి. ఆ వృద్ధమాత తన కులపురోహితుని అడిగినప్పుడు ఆయన ఆమెకు గాయత్రీతుల్యమైన నామజపం చెప్పి, మనుమనితో మాట్లాడడం మానవద్దని కూడా చెప్పారు. మిగిలిన డబ్బాను ఆమె పారవేయనివ్వలేదు. అందులో ఏమున్నదో స్పష్టంగా చెప్పి, తినడానికి అభ్యంతరం లేని పొరుగింటి పిల్లలకు మనుమని చేతనే ఇప్పించారు. దేవుని ఎదుట ఉంచిన ఆ పళ్లెం కడిగి, మరునాడు అందులో ఇంటి చెట్టు జామకాయ పెట్టారు.